ఆవుతోక గుర్రం

మా గుర్రానికి ఆవుతోక ఉండేది. మామగారు చుట్టల వ్యాపారం మొదలుపెట్టినప్పుడు కట్ట మీద అంటించే చీటీకి ఒక బొమ్మ కావాలని, మా ఊరు చీపురుపల్లిలో సైనుబోర్డులు రాసే ఆయన్ని పట్టుకున్నారట. ఆయన గుర్రాన్ని ఎక్కడ చూశాడో, ఎంత దూరం నుంచి చూశాడో గాని, ఒళ్ళంతా బాగానే గీసి, తోక దగ్గరికి వచ్చేసరికి సన్నగా కిందికి వేలాడదీసి చివర ఒక కుచ్చు పెట్టాడు. మామగారు దాన్ని గమనించారో లేదో ఎవరికీ తెలియదు. ఆ బొమ్మతోనే మా సరుకు అటు బొబ్బిలి, సాలూరు దాకా, ఇటు సముద్రపు ఒడ్డు దాకా వెళ్ళింది. కొనేవాళ్ళలో చదువుకున్నవాళ్ళు తక్కువ. కొట్టు ముందు నిలబడి "గుర్రం కట్ట ఇయ్యి" అనేవారు, అంతే. మా ఇంటిపేరు ఎవరికీ అక్కర్లేదు.

మామగారు పోయారు, ఆ తర్వాత కొన్నాళ్ళకే నా భర్త కూడా పోయాడు. గల్లాపెట్టె దగ్గర నేను కూర్చున్నాను. ఆడది కూర్చుంది కాబట్టి ప్రతివాడూ ఒకసారి మోసం చేసి చూస్తాడని మొదటిరోజే అనుకున్నాను. పొగాకు తెచ్చినవాడు తూకం వేస్తుంటే నేను వాడి వేళ్ళు చూసేదాన్ని. నా ముక్కు మీద కోపం గురించి చుట్టలు చుట్టే ఆడవాళ్ళు పాకలో చెప్పుకుని నవ్వుకునేవారని నాకు తెలుసు. నవ్వుకోనీ అనుకున్నాను. నవ్వేవాళ్ళు పని మానరు.

మా కొట్టుకు సంతరోజున తప్పకుండా వచ్చే మనిషి ఒకామె ఉండేది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సంతలన్నీ తిరిగేది. నేను కోడలిగా వచ్చిన రోజు నుంచీ ఎరుగుదును. మా వైపు అక్కను అప్ప అంటాం, ఆమెను నేను అప్పా అనేదాన్ని, వయసులో తల్లిలాంటిదైనా. ఆమె నన్ను పిల్లా అనేది. మా వైపు ఆడవాళ్ళు చాలామంది అడ్డచుట్ట కాలుస్తారు. అంటే వెలిగించాక తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. సముద్రం గాలికి ఆరిపోదు, బూడిద సరుకు మీద రాలదు, చేతులు పనిలో ఉంటాయి. ఆమె కూడా అంతే. మా కొట్లో కట్ట తీసుకునేటప్పుడు ఒక్కసారి కూడా దాని వైపు చూసేది కాదు. నా మొహం చూస్తూ కబుర్లు చెబుతూ, చేత్తో అందుకుని రొండిన దోపుకునేది. ఆ పద్ధతి నాకు గర్వంగా ఉండేది.

మా సరుకును సైకిలు మీద సంతలకు తీసుకువెళ్ళే ఏజెంటు ఒకతను ఉండేవాడు. నా భర్తకు వరసకు తమ్ముడు, నన్ను వదినా అనేవాడు. నా భర్త పోయిన ఏడాది తిరగకుండానే రాజాంలో సొంతంగా పాక వేశాడు. వేసుకోనీ, పొగాకు ఎవడి సొత్తూ కాదు. కాని కొన్నాళ్ళకు రాజాం సంత నుంచి వచ్చిన ఒక కట్ట నా చేతికి చిక్కింది. దాని మీద గుర్రం. అదే పసుపు చీటీ, అదే ఎర్రదారం, ఈ మూల నుంచి ఆ మూలకు పరిగెత్తుతున్నట్టు అదే గుర్రం. నాకు ఒళ్ళంతా మండిపోయింది. తోక ఒక్కటే తేడా. అతని గుర్రానికి అసలైన గుర్రం తోక ఉంది, దట్టంగా, గాలికి ఎగురుతూ.

అప్పటి నుంచి నాకు అందరి మీదా అనుమానమే. విజయనగరంలో మా చీటీలు అచ్చువేసే ప్రెస్సుకు వెళ్ళి, మా అచ్చుబొమ్మ ఎవరికి ఇచ్చారని నిలదీశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీ బొమ్మ మీదే అమ్మా, అతని బొమ్మ అతను తెచ్చుకున్నాడు, నేను అచ్చు మాత్రమే వేశాను" అన్నాడు. అంటే రెండు గుర్రాలూ అదే ప్రెస్సులో పుడుతున్నాయి! పాకలో చుట్టేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు వారంలో సగం రోజులు రాజాం వెళుతున్నారని కూడా తెలిసింది. అడిగితే "మా సెయ్యి మాది గదా" అన్నారు. పొగాకు తడపడానికి బెల్లంనీళ్ళు ఎంత కలపాలో మామగారు ఇంట్లోవాళ్ళకు తప్ప చెప్పలేదు. ఆ పాళ్ళు కూడా గడప దాటాయని నాకు ఆ రోజే అనిపించింది.

మాకు పొలం లేదు. ఆ గుర్రమే మా పొలం. అది పోతే పాక మూతపడుతుంది. మా పేరు మీద సరుకు అడిగేవాళ్ళు లేరు, గుర్రం పేరు మీదే అడుగుతారు. అందుకే దావా వెయ్యాలనుకున్నాను. ఆడది కోర్టుకెక్కడమేమిటని మా పుట్టింటివాళ్ళు గోల పెట్టారు. ఎక్కాను.

వ్యాపారపు గుర్తుల మీద పాత చట్టం తీసేసి ఢిల్లీలో కొత్త చట్టం తెచ్చారని, అది అమలులోకి వచ్చి కొన్నేళ్ళే అయిందని మొదట నాకు తెలియదు. చీపురుపల్లిలో మాకు తెలిసిన వకీలుకూ తెలియదు. ఆయన మునసబు కోర్టులో వేస్తే, ఇలాంటి దావా జిల్లా కోర్టుకు తక్కువ కోర్టులో చెల్లదని కాగితాలు వాపసు చేశారు. అప్పుడు మా జిల్లా కోర్టు ఉన్న శ్రీకాకుళంలో ఒక పెద్ద ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన బల్ల మీద ఆ కొత్త చట్టం పుస్తకం ఉంది. పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. నా ఎదుటే పోస్టుకార్డుతో ఒక్కొక్క పేజీ విడదీసి చదివాడు. ఆయనా మొదటిసారి చదువుతున్నాడన్నమాట.

"మీ గుర్తుకు రిజిస్ట్రేషను ఉందా అమ్మా?" అన్నాడు.

"మద్రాసుకు అర్జీ ఎట్టినామండి, ఇంకా ఏటీ తేలనేదు."

"రిజిస్టరు అయి ఉంటే, అతను మన బొమ్మ వాడాడని చూపిస్తే చాలు. లేదు కాబట్టి, తన సరుకును మీ సరుకని నమ్మించి అమ్ముతున్నాడని రుజువు చెయ్యాలి. కొనేవాళ్ళు మోసపోతున్నారని తేలాలి. మోసపోయిన మనిషి ఎవరైనా వచ్చి చెబితే మంచిది." తర్వాత రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, "చిక్కేమిటంటే, మీదాని కంటే అతనిదే గుర్రంలా ఉంది" అన్నాడు. ఆయన మన పక్షమా అతని పక్షమా అని నాకు సందేహం వచ్చింది.

ఆ సందేహం పెరిగే అవకాశాలు కోర్టులో చాలా దొరికాయి. వాయిదా పడిన రోజున మా ప్లీడరుగారూ, అవతలి ప్లీడరూ ఒకే బల్ల దగ్గర కాఫీ తాగుతూ నవ్వుకునేవారు. నా మీదేనా నవ్వు? మా మరిది అయితే ప్రతి వాయిదాకూ తెల్లటి చొక్కాతో వచ్చి, చేతులు కట్టుకుని, "ఒదినా, కాపీ తాగుతావేటి?" అని అడిగేవాడు. నా గుర్రాన్ని తోలుకుపోయినవాడు నాకు కాఫీ పోస్తానంటున్నాడు. ఒకసారి గ్లాసు తీసి మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. "నీ కాపీలో ఏటి కలిపినావో నాకేటి తెలుసు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, అతనూ నవ్వాడు.

సాక్షి కోసం నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. ఒక సంతరోజున అప్పే వచ్చి అరుగు మీద గంప దించి, "ఒసే పిల్లా, ఇన్నావా? మా పల్లిలో ఆడోలందరూ మోసపోతన్నారే. నీ గుర్రం అని సెప్పి ఏరే కట్ట అంటగడతన్నాడు ఆడు" అంది. నా ప్రాణం లేచివచ్చింది. ఈ మాట జడ్జిగారి ముందు చెబుతావా అంటే, "సెప్పకేటి! నాకు బయ్యమేటి?" అంది. ప్లీడరుగారి గుమాస్తా పేరు రాసుకున్నాడు. ఆ తర్వాతి సంతలో మాత్రం ఒకటి చూశాను. మా మరిది ఆమె గంప ముందు గొంతుకూర్చుని ఎండు నెత్తళ్ళు బేరం చేస్తున్నాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. అతని ఇంట్లో నెత్తళ్ళు తినేవాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసు. ఆ సంగతి కడుపులోనే దాచుకున్నాను.

సాక్ష్యం రోజు వచ్చింది. చీపురుపల్లిలో పొద్దున్నే రైలెక్కి ఆముదాలవలసలో దిగి, బస్సులో శ్రీకాకుళం చేరాం. అప్ప కొత్త చీర కట్టుకుంది. బోనెక్కి, ప్రమాణం చేసి, పెళ్ళికి వచ్చినదానిలా అందరి వంకా చూసింది.

మా ప్లీడరుగారు మెల్లిగా మొదలుపెట్టారు. "మీ ఊళ్ళో ఈ కట్టల సంగతి ఏమిటో చెప్పమ్మా."

"మా ఊరి ఆడోలందరూ మోసపోతన్నారు బాబూ."

అవతలి ప్లీడరు లేచాడు. ఇతరుల సంగతి ఈమె చెబితే చెల్లదని, వాళ్ళనే తీసుకురమ్మని అన్నాడు. జడ్జిగారు తల ఊపారు. అప్పుడు మా ప్లీడరుగారు, "సరే, నీ సంగతే చెప్పు. నువ్వు ఎప్పుడైనా ఆ కట్టను ఈ కట్ట అనుకుని కొన్నావా?" అన్నారు.

"నానా?" అంది అప్ప. ఆ ఒక్క మాటలోనే నాకు తెలిసిపోయింది. "నానెందుకు మోసపోతాను బాబూ? పెల్లి కాకముందు బట్టీ కాలుస్తన్నాను. నిప్పు నోట్లో ఎట్టుకుంటాను. ఎవులి సుట్టో నా నాలిక్కి తెల్దేటి?"

మా ప్లీడరుగారు ఇంకో రెండు రకాలుగా అడిగి చూశారు. అడిగినకొద్దీ ఆమె ఇంకా గట్టిగా చెప్పింది. అవతలి ప్లీడరు లేచి ఒక్కటే అడిగాడు. "అయితే ఈ రెండు కట్టలూ వేరువేరని నీలాంటి వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుందన్నమాట?"

"తెలకేటి! కల్లు మూసుకుని సెప్తాను."

ఆయన కూర్చున్నాడు. ఆమె తెలుగులో చెప్పినదంతా జడ్జిగారు ఇంగ్లీషులో చెబుతుంటే టైపువాడు కొట్టాడు. అంత మాటా ఒక్క వాక్యంలో అయిపోయింది. ఆ వాక్యం ఏమిటో నాకు ఇంగ్లీషు రాకపోయినా అర్థమైంది.

సంతలో తూకం పట్టే మనిషి, ఇంకొకరి చేతిలో మోసపోయానని నలుగురిలో ఒప్పుకోదు. ఒప్పుకుంటే మర్నాటి నుంచి ఆమె గంపలో ప్రతివాడూ చెయ్యి పెడతాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే నాకు ఇది తెలియనిది కాదు. కాని ఆ నిమిషంలో నా కళ్ళ ముందు కనిపించింది మా మరిదీ, నెత్తళ్ళూ, ఆ నవ్వూ. ఆమెను కొనేశాడు అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలకు కోర్టు లేచింది. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది అప్ప. నేను దులిపేద్దామని మీదికి వెళుతుంటే, నన్ను చూసి మొహమంతా నవ్వుతో, "సూసినావేటే పిల్లా, ఎలగ సెప్పినానో! నీ సరుకు పరువు నిలబెట్టినాను" అంది. రొండిన దోపుకున్న కట్ట తీసి, ఒక చుట్ట లాగి, అగ్గిపుల్ల గీసి, తిప్పి నోట్లో పెట్టుకుంది. కట్ట ఒళ్ళో పడేసింది. పసుపు చీటీ పైకి ఉంది. గుర్రం తోక గాలికి ఎగురుతోంది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "అప్పా, ఇది ఎక్కడిది?"

"నీదే."

"నా కొట్లో కొన్నావేటి?"

"రాజాం సంతలో కొన్నాను. గుర్రం కట్ట ఇయ్యంటే ఇచ్చినాడు."

"తోక సూడు."

ఆమె కట్ట ఎత్తి వెలుతురుకు పట్టుకుని చూసింది. నా సంచిలో ఉన్న మా కట్ట తీసి పక్కన పెట్టాను. రెండు తోకలూ చూసింది. నోట్లోంచి చుట్ట తీసి, నేలకు రాసి ఆర్పింది.

"ఎన్నాల్ల బట్టీ కాలుస్తన్నావు?" అన్నాను.

"తెల్దే. నెత్తల్ల కాలం బట్టీ అటే తిరుగుతన్నాను గదా."

"రుసి తేడా తెలీనేదేటి?"

"తెలీనేదు" అంది, నేల వైపు చూస్తూ. దావా పోతుందన్న బాధ కంటే ఆ మాట నాకు ఎక్కువ తగిలింది. మామగారి బెల్లంనీళ్ళు నిజంగానే గడప దాటాయి.

మళ్ళీ బోనెక్కమని నేను అడగలేదు. ఆమే లేచి చీర దులుపుకుని, "పద. మల్లా సెప్తాను" అంది.

ప్లీడరుగారు విని కుర్చీలోంచి లేచారు. రుజువు కోర్టు వరండాలోనే దొరికిందని సంతోషించి, వెంటనే మొహం ముడుచుకున్నారు. "మీరు ఆమెతో మాట్లాడకుండా నన్ను పిలవాల్సిందమ్మా" అన్నారు. ఆయన జడ్జిగారిని బతిమాలి సాక్షిని మళ్ళీ పిలిపించారు.

ఈసారి అప్ప ఎవరి వంకా చూడలేదు. బోను చెక్క పట్టుకుని, "నాను మోసపోనాను బాబూ. పొద్దుట సెప్పింది తప్పు. ఆ కట్ట ఈ కట్టే అనుకుని కొన్నాను" అంది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడగా నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. వెనక బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు.

అవతలి ప్లీడరు కట్టను చేతిలో తిప్పుతూ లేచాడు. "నువ్వు బోను దిగాక, వరండాలో వాది నీతో మాట్లాడిందా?"

"మాటాడింది."

"ఏం చెప్పింది?"

"తోక సూడమంది."

కోర్టంతా గొల్లున నవ్వింది. "ఈ కట్ట నీ దగ్గర ముందే ఉందా, ఆమె సంచిలోంచి వచ్చిందా?"

"నా దగ్గరే ఉన్నాది. నీ కట్టేమో ఆమె సంచిలోంచి..." అని తడబడి, రెండు కట్టలూ కలిపేసింది. ఆయన ఇంకేమీ అడగలేదు. జడ్జిగారు ఒకసారి ఆమెనూ, ఒకసారి నన్నూ చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పొగాకు తూచేవాడి వేళ్ళ వంక నేను చూసే చూపు అది.

బయటికి వస్తుంటే మా మరిది ఎదురొచ్చాడు. నన్ను కాఫీ అడగలేదు. అప్పను చూసి, "నీకేటి ఇచ్చినాదే మా ఒదిన?" అన్నాడు. ఎంత మాటకైనా ఎదురు మాట ఉండే ఆ మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచింది. నేను అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

మర్నాడు చీపురుపల్లిలో సంత, అందుకని ఆమె నాతోనే తిరుగు రైలెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. చుట్ట వెలిగించలేదు. దూసి దాటాక, బయటికే చూస్తూ అంది.

"పొద్దుట గొప్పకి సెప్తే అందరూ నమ్మినారు. మజ్జేనం నిజం సెప్తే ఒక్కడూ నమ్మనేదు. పిల్లా, నువ్వు నమ్మినావా?"

నాకు నెత్తళ్ళ బేరం గుర్తొచ్చింది. ఆ కట్ట రాజాంలో కొన్నదా, నెత్తళ్ళతో పాటు చేతులు మారిందా అని ఒక ఆలోచన వచ్చి, నిలబడి, మెల్లిగా పోయింది.

"నమ్మినాను అప్పా."

ఆమె నా వైపు తిరిగింది. "ఇంతసేపు ఏటి ఆలోసించినావు?"

"ఆలోసించడమేటి, రైలు సప్పుడికి ఇనబడనేదు" అని కసిరాను. అప్పటికి రైలు పొందూరులో ఆగి ఉంది.

తీర్పు కొన్ని నెలలకు వచ్చింది. దావా కొట్టేశారు. ప్లీడరుగారు చదివి తెలుగులో చెప్పారు. రెండు బొమ్మల మధ్య తోక తేడా స్పష్టంగా కనిపిస్తోందట, చదువురాని కొనుగోలుదారు కూడా కళ్ళు మూసుకుని గుర్తుపట్టగలనని మొదట చెప్పిందట, ఆ తర్వాత చెప్పింది వాది నేర్పిన మాటగా తోస్తోందట. హైదరాబాదు వెళ్ళి అప్పీలు చేద్దామన్నారు ఆయన. ఆయన లాభం కోసం చెబుతున్నాడో, నా లాభం కోసమో తేల్చుకోలేక వద్దన్నాను. రెండు గుర్రాలూ సంతల్లో పరిగెత్తాయి. మా పాక మూతపడలేదు గాని, సగం ఖాళీ అయింది.

అప్ప మా కొట్టుకు రావడం మానుతుందేమో అనుకున్నాను. మానలేదు. తీర్పు వచ్చిన తర్వాతి సంతకే వచ్చింది. గంప దించి, "గుర్రం కట్ట ఇయ్యే" అంది. నేను నవ్వుతూ అందించాను. ఆమె దాన్ని రొండిన దోపుకోలేదు. అరుగు చివరికి వెళ్ళి, ఎండలోకి పట్టుకుని, కళ్ళు చికిలించి తోక చూసింది. మా కొట్లో, మా చేత్తో ఇచ్చిన కట్ట. చూసి, కుచ్చు ఉందని తేల్చుకుని, ఆ తర్వాత నా మొహం వైపు చూసింది. ఆమె బతికున్నన్నాళ్ళూ ప్రతి సంతకూ అలాగే చూసుకుని పట్టుకెళ్ళేది.